కిటికీ వెలుతురు

మన బడి బ్యాచ్ అంతా కలిసే రోజు కోసం కమిటీ వాళ్లు మూడోసారి ఫోన్ చేసి "రెండు పేజీలు చాలు, ఏదో ఒకటి రాసి పంపు" అన్నారు. ఏం రాయాలన్నా నాకు వడ్రంగం నేర్చుకున్న వర్క్‌షాపు షెడ్డే గుర్తొస్తుంది. ఎనిమిది ఎలా గడిచిందో, పది ఎలా గడిచిందో తెలియదు. తొమ్మిదో తరగతి మాత్రం రంపప్పొట్టు వాసనతో సహా అలాగే ఉంది.

నా మొదటి జాయింటులో కుసి, అంటే రెండో చెక్క బెజ్జంలోకి దిగాల్సిన కొస, వదులైంది. ఫెవికాల్‌లో పొట్టు కలిపి సందులో కూరాను. వడ్రంగం మాస్టారు దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని "వెలుతురు దూరుతోందిరా" అన్నారు. తిట్టలేదు, మార్కులూ వేయలేదు. ఇంకో చెక్క చేతికిచ్చారు. అలా ఏడు చెక్కలు. ఏడోసారి కుసి బెజ్జంలోకి దిగేటప్పుడు సుత్తి చప్పుడే మారిపోయింది. ఆయన చూడకముందే అది కుదిరిందని నాకు తెలిసింది.

మూల సరిచూసే మూలమట్టం లేని రోజున ఒక అంచు మీద మూడు అంగుళాలు, రెండో అంచు మీద నాలుగు కొలిపించి, ఆ రెండు గుర్తుల మధ్య ఐదు వస్తేనే మూల సరిగ్గా ఉన్నట్టని చూపించారు. లెక్కల పీరియడ్‌లో కంఠస్థం చేసిన పైథాగరస్ సిద్ధాంతం నాకు అర్థమైంది అక్కడే. 1937లో వార్ధాలో గాంధీగారు అడిగింది ఇదేనని చెప్పేవారు మాస్టారు. చేతిపని వేరే సబ్జెక్టుగా కాదు, దాని ద్వారానే మిగతా చదువంతా నేర్పమని.

తర్వాత షెడ్డు పీరియడ్లు తీసేసి ఓఎంఆర్ ప్రాక్టీసు, అంటే సరైన జవాబుకు ఎదురుగా గడి నింపే పరీక్షల ప్రాక్టీసు, పెట్టారు. నాకు ర్యాంకు బాగానే వచ్చింది కాబట్టి అక్కసుతో రాస్తున్నది కాదిది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పద్ధతిని 1915 ప్రాంతంలో అమెరికాలో ఫ్రెడరిక్ కెల్లీ తెచ్చారు, దిద్దేవారిని బట్టి మార్కులు మారకూడదని. మంచి ఉద్దేశమే. కానీ ఆ కాగితం నువ్వు ఎన్నో స్థానంలో ఉన్నావో చెప్పి వెళ్లిపోతుంది, ఇంకో చెక్క ఇవ్వదు. మనందరి ఉలులకూ పదును పెట్టిన వాడు (పేరు రాయక్కర్లేదు) ఆ ర్యాంకు చూసుకుని మూడేళ్లు తనకేదీ చేతకాదనే అనుకున్నాడట. మొన్న ఫోన్‌లో వాడు ఆ మాట చెబితే నాకు నోట మాట రాలేదు.

నేనిప్పుడు కృత్రిమ కాళ్లు తయారుచేస్తున్నాను. నా దగ్గర పదకొండుమంది పని నేర్చుకుంటున్నారు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చును ఆకురాయితో అరగదీస్తూ, మిగిలిన కాలు ఇమిడే తొడుగు ఆకారం తేవాలి. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా నడిచే మనిషికి నొప్పే. నాలుగు అడుగులు వేయించి, తొడుగు తీసి, చర్మం ఎక్కడ ఎర్రబడిందో చూస్తాం. మళ్లీ సరిచేస్తాం, మళ్లీ నడిపిస్తాం. కొత్తగా చేరిన పిల్లలు మొదటిసారే తప్పు వచ్చిందని బెంగపడితే ఇంకో అచ్చు చేతికిస్తాను.

ఆ ఏడో జాయింటు నా టేబుల్ మీదే ఉంది. కలిసే రోజున తెస్తాను. షెడ్డు తాళం ఎవరి దగ్గరుందో కమిటీ వాళ్లు కనుక్కోండి, ఆ కిటికీ దగ్గర ఇంకోసారి పెట్టి చూడాలి.