నల్లులకు ఎండ చాలదు

తిరుపతి ఎండలో పరుపు మిద్దెమీదేస్తే నల్లులు చస్తాయనుకుంటారు. చావవు, కిందివైపు నీడలోకి జారుకుంటాయి. ముందు టార్చి వేసి పరుపు అంచు కుట్లు, మంచం కోడు, పట్టె కలిసే సందు చూడండి. పెన్నుతో చుక్క పెట్టినట్టు నల్లటి మరకలు, 1 మిల్లీమీటరంత తెల్లటి గుడ్లు ఉంటే అవే. దుప్పట్లు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. మంచం విప్పి బయటేసి సందుల్లో సలసల కాగే నీళ్లు పోయాలి, గోరువెచ్చనివి దండగ. మందు కొట్టినా గుడ్లు మిగులుతాయి, వారం పదిరోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అందుకే రెండు వారాలకు మళ్లీ కొట్టాల్సిందే, చాలామంది తప్పేది ఇక్కడే. కిరసనాయిలు మాత్రం వద్దు, కొంప అంటుకుంటుంది. ఇంకోటి, సత్రాల్లో దిగి వచ్చిన చుట్టాల సంచులు మంచమ్మీద పెట్టనీయకండి. మొహమాటమే, అయినా సరే.