కళావతి వదిలేసిన ప్రసాదం

సత్యనారాయణ వ్రతంలో పూజ ముగిశాక పంతులుగారు మన చేతిలో అక్షతలు పెట్టి, నీళ్ళు పోసి, పళ్ళెంలో విడవమంటారు. అప్పుడు చదివే శ్లోకం ఇది:

మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం జనార్దన
యత్పూజితం మయా దేవ పరిపూర్ణం తదస్తు తే

మంత్రం తప్పి ఉండొచ్చు, చేసే తీరు తప్పి ఉండొచ్చు, భక్తే చాలకపోయి ఉండొచ్చు. అయినా నేను చేసిన ఈ పూజ పరిపూర్ణం కావాలి స్వామీ అని వేడుకోవడం. ఎంత నిష్ఠగా చేసినవారైనా ఇది చదవాల్సిందే. మనిషి చేసే పనిలో లోటు ఉంటుందని పెద్దలు ముందే ఒప్పుకుని, దానికీ పూజలో చోటు పెట్టారు. హారతికి ఆలస్యమవుతోందని ఈ శ్లోకాన్ని గబగబా చదివేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

మా కోనసీమలో పెళ్ళయినా, గృహప్రవేశమైనా, కార్తీకమాసమొచ్చినా ఈ వ్రతం చేసుకుంటారు. కుదిరినవాళ్ళు అన్నవరం వెళ్ళి రత్నగిరి మీద చేసుకుంటారు. కథ అందరికీ తెలిసిందే, కానీ చాలామంది భయంభయంగా వింటారు. నాకు అందులో ఓదార్పే ఎక్కువ కనిపిస్తుంది.

మా పిన్ని కూతురు అమలాపురంలో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తుంది. ఒక రైతుకి వెళ్ళాల్సిన డబ్బు, అదే పేరున్న ఇంకొకరి ఖాతాలో వేసేసింది. తనే గమనించి మేనేజరుగారికి చెప్పింది, డబ్బు వెనక్కి తెప్పించింది. ఆ రైతు కూడా "ఆయ్, వచ్చేసింది కదమ్మా, ఫర్వాలేదు" అన్నారు. అయినా పిల్లకి ముద్ద దిగడం లేదు. రాత్రిళ్ళు లేచి ఫోన్‌లో పాత పేమెంట్లన్నీ మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది.

వ్రతకథలో వర్తకుడి కూతురు కళావతిదీ ఇలాంటి పొరపాటే. భర్త పడవ రేవుకొచ్చిందని వినగానే వ్రతం ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది. తొందరే తప్ప మోసం లేదు. పడవ కనిపించకపోయేసరికి నేలమీద పడి ఏడ్చింది, ప్రాణం తీసుకుంటానంది. అప్పుడు ఆకాశవాణి ఏం చెప్పిందో చూడండి: ఇంటికెళ్ళి ప్రసాదం తిని వస్తే ఆమె భర్త ఆమెకి దక్కుతాడు. ఇంకేమీ అడగలేదు. వదిలేసిన పని పూర్తి చెయ్యమంది, అంతే. ఆమె వెళ్ళింది, తింది, తిరిగొచ్చింది. సన్యాసి వేషంలో వచ్చిన స్వామి అడిగితే, తెలిసి తెలిసి పడవలో ఆకులూ తీగలే ఉన్నాయని అబద్ధమాడిన ఆమె తండ్రికి కూడా, వెళ్ళి తప్పు ఒప్పుకోగానే సొమ్మంతా తిరిగి దక్కింది. వ్రతం చేసుకుంటున్న గోపాలురిచ్చిన ప్రసాదాన్ని కాదని వెళ్ళిపోయిన తుంగధ్వజుడనే రాజూ మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళి కూర్చున్నాడు.

ఈ ముగ్గురిలో ఎవరికీ స్వామి జీవితాంతం ఏడవమని చెప్పలేదు. దిద్దుకున్నాక కూడా మనల్ని మనమే శిక్షించుకుంటూ ఉంటే, స్వామి అడగనిది మనం కడుతున్నట్టు.

మా చెల్లికి ఇదే చెప్పాను: "చెప్పాల్సినవాళ్ళకి చెప్పావు, సరిచేశావు. కళావతి చేసినవన్నీ చేశావు, ఒక్క తినడం తప్ప. లేచి అన్నం తిను." ఆ పూట తింది. టెన్షన్ పూర్తిగా పోలేదు, ఒక్కరోజులో పోయేది కూడా కాదు. ఇప్పుడు డబ్బు పంపే ముందు పేరుతోపాటు ఖాతా నంబరు పైకి చదువుతోంది, పక్క సీటావిడ కాగితంలో చూసి సరే అన్నాకే పంపుతోంది.