తొమ్మిదేళ్ల తర్వాత నాన్న బండి పలికింది

నాన్న పోయాక ఆయన స్ప్లెండర్‌ని గొడ్ల చావిట్లో ఓ మూల నిలబెట్టి పట్టా కప్పేశాం. 2003లో కొన్న హీరో హోండా అది. 2016 నుంచి కదల్లేదు. పాత సామాన్లవాడు వచ్చినప్పుడల్లా అమ్మ "ఇచ్చేద్దామా?" అనేది. ఏదో ఒకటి చెప్పి ఆపేవాణ్ణి. మొన్న సంక్రాంతికి పది రోజులు సెలవు పెట్టి తెనాలి దగ్గర మా ఊరు వెళ్లింది ఈ పని కోసమే.

పట్టా తీయగానే ఆత్రం ఆగక కిక్ మీద బలంగా కాలు వేశాను. చాలా తప్పు పని. కిక్ రాయిలా బిగుసుకుపోయి ఉంది. నాన్న బండి ఎప్పుడూ చూసే మెకానిక్ బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"దాని మీద బలం చూపించకు అబ్బాయ్. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పట్టేసి ఉంటాయి. స్పార్క్ ప్లగ్ ఊడదీసి కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులు దాని జోలికెళ్లకు" అన్నాడు.

స్ప్లెండర్ సిలిండర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, దాదాపు పడుకున్నట్టు ఉంటుంది. ఊరికే పోస్తే ఆయిలంతా అడుగుకు చేరుతుంది. అందుకే సిరంజికి సన్న ట్యూబు తొడిగి లోపల పైగోడ మీదికి చిమ్మాను. మూడో రోజు, చక్రంతో పాటు ఇంజన్ కూడా తిరిగేలా నాలుగో గేరు వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాను. చాలాసేపటికి చక్రం ఓ బెత్తెడు జారింది. ఇంకాసేపటికి పూర్తిగా తిరిగింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం తర్వాత ఇంజన్ పలికినప్పుడు కూడా కలగలేదు.

ఆ రెండు రోజులూ ట్యాంకు పనిలో ఉన్నాను. పాత పెట్రోల్ వార్నిష్ వాసన వేస్తోంది, అడుగున తుప్పు. కాక్ (ట్యాంకు కింది పెట్రోల్ కుళాయి) విప్పి, కన్నం మూసి, తెల్ల వెనిగర్ నింపి, గుప్పెడు నట్లు వేసి గంటకోసారి ఊపాను. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి ఎండబెట్టాను. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఇరవై శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరుకు అది పడదు. పెట్రోల్ పైపూ వాషర్లూ కొత్తవి వేశాను. తారులా మారిన ఇంజన్ ఆయిల్ తీసేసి 10డబ్ల్యూ30 రకం కొత్త ఆయిల్ పోశాను.

ప్లగ్‌ని ఇంజన్ హెడ్‌కి ఆనించి కిక్ కొడితే నిప్పు రాలేదు. సైడ్ కవర్ తీసి చూస్తే మాగ్నెటో (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచి సీడీఐకి (ప్లగ్‌కి నిప్పు పంపే డబ్బా) వెళ్లే వైరును ఎలుకలు కొరికేశాయి. అతికి టేపు చుట్టాక నీలం నిప్పు కనబడింది. ఈ బండికి స్టార్ట్ అవడానికి బ్యాటరీ అక్కర్లేదు, మాగ్నెటో చాలు.

ఆ కవర్ లోపలివైపు నాన్న పెయింటు పెన్నుతో రాసుకున్న లెక్క ఉంది. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ మార్చినట్టు ఒక టిక్కు. పదమూడేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. చివరి వరుస కింద కాస్త చోటుంటే నేనూ ఆ రోజు తేదీ రాసి టిక్కు పెట్టాను.

చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ పాలు పెంచే చోక్ వేసి కొడితే పదకొండో కిక్‌కి అందుకుంది. చావిడంతా పొగ. నేను పోసిన ఆయిలే కాలుతోందని తెలిసినా కంగారుపడ్డాను. ఐదు నిమిషాలకు పొగ తగ్గింది. కానీ చోక్ తీయగానే ఆగిపోయేది. మళ్లీ కొడితే మళ్లీ అంతే. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌ని అప్పటికే ఒకసారి కడిగాను. అందులో వేగంగా నడిచేటప్పుడు పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ బాగానే ఉంది. వెంట్రుకంత సన్నగా ఉండే స్లో జెట్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ వదిలేది) రంధ్రం మాత్రం పాత పెట్రోల్ జిగురుతో మూసుకుపోయింది. ఇనప తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుందని బాబాయ్ ముందే హెచ్చరించాడు. కరెంటు వైర్లోంచి ఒక్క రాగి పోగు లాగి, క్లీనర్ కొట్టి, వెలుతురుకు పట్టి చూస్తూ సాయంత్రమంతా కూర్చున్నాను. అందులోంచి వెలుతురు చుక్క కనిపించాక మళ్లీ బిగించాను. ఈసారి చోక్ తీసినా ఆగలేదు.

బ్రేకు షూలు మార్చాను. టైర్ల మీద 0814 అని ఉంది, అంటే 2014లో ఎనిమిదో వారంలో తయారైనవి. అవీ మార్చాలి. ఆర్సీకి పదిహేనేళ్లు 2018లోనే నిండాయి. బండిని ఆర్టీవో ఆఫీసులో చూపించి రెన్యువల్ చేయించుకోవాలి, ఇన్సూరెన్సూ పొల్యూషన్ సర్టిఫికెటూ తీసుకోవాలి. అందాకా దొడ్లోనే తిప్పుతున్నాం.

నిన్న పాత సామాన్లవాడు వస్తే, అమ్మ గేటు దగ్గర నుంచే పంపించేసిందట.