రాయలు పడుకున్న ఊరు, పురుషోత్తమ కవి పోట్లాడిన గుడి

శ్రీకాకుళం వెళ్తున్నామంటే అందరూ ముందు అడిగేది "టికెట్లు దొరికాయా?" అనే. రైలెక్కి ఉత్తరాంధ్ర పోతున్నాం అనుకుంటారు. మేం వెళ్లింది కృష్ణా జిల్లా శ్రీకాకుళం. ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. విజయవాడ నుంచి కరకట్ట మీద పోతే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి దర్శనం చేసుకుని రావచ్చు. అయినా విజయవాడలోనే పుట్టి పెరిగిన నాకు ఆ ఊరి పేరు తెలుగు వాచకంలో తప్ప ఇంకెక్కడా తగల్లేదు.

మా పెద్దమ్మకు మాత్రం ఆ ఊరు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ల నాన్న సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి అక్కడి ఆంధ్ర మహావిష్ణువు మీద రాసిన ఆంధ్రనాయక శతకం వల్లె వేయించేవారట. ఏ వయసులోనూ గుళ్ల వెంట తిరిగిన మనిషి కాదు. "ఆ దేవుణ్ణొక్కణ్ణి చూడాలే, అది కూడా ఏకాదశి నాడే" అంది. ఎందుకు ఏకాదశే అంటే శ్రీకృష్ణదేవరాయలవారు అక్కడ ఉపవాసం ఉన్నది ఆ రోజేనంది. సరే, ఉపవాసం ఆవిడకి, ఇడ్లీ పొట్లం నాకు.

యనమలకుదురు దాటి తోట్లవల్లూరు వైపు వెళ్లే కొద్దీ ఒక పక్క నది, లంకలు. రెండో పక్క కట్ట కింద ఊళ్లు. లంక భూముల్లో అరటి, పసుపు, కంద. కట్టకి ఇవతల మాగాణి. వరి కోతలయ్యాక మినుము పచ్చగా పరుచుకుని ఉంది. చూడ్డానికి చాలా హాయిగా ఉంటుంది గానీ, ఈ కట్టే లేకపోతే ఈ ఊళ్ల సంగతి ఏమిటన్నది అక్కడివాళ్లను అడగాలి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు. 2024 సెప్టెంబరు మొదట్లో అంతకంటే ఎక్కువ వచ్చింది. టీ కోసం ఆగిన చోట ఒకాయన, ఆ రాత్రుళ్లు ఇంట్లో ఆడవాళ్లని చుట్టాల ఊళ్లకి పంపేసి మగవాళ్లు కట్ట మీదే ఉన్నారని చెప్పాడు. "కట్ట ఎక్కడ జారుతుందోనని టార్చిలైట్లు వేసుకుని తిరిగామండీ, ఆ టెన్షన్ మాకే తెలుసు" అన్నాడు. పెద్దమ్మ వెంటనే "మరి మీ విష్ణుమూర్తి ఏం చేస్తున్నాడు అప్పుడు?" అంది. ఆయన నవ్వి, "ఆయనా మాతోపాటే ఉన్నాడు కదమ్మా, ఎక్కడికి పోతాడు" అన్నాడు. ఆవిడకి ఆ జవాబు నచ్చింది.

ఊరు నిజంగానే చిన్నది. గుడి దగ్గర రెండు మూడు కొబ్బరికాయల కొట్లు, పెంకుటిళ్లూ డాబాలూ కలిసిపోయిన వీధులు, అరుగుల మీద ఎండబెట్టిన అపరాలు. కొత్తవాళ్లు దిగితే నాలుగు ఇళ్లవాళ్లు బయటికొచ్చి చూస్తారు. దీన్నే శాతవాహనుల తొలి రాజధాని అన్న చరిత్రకారులున్నారు. అందరూ ఒప్పుకోలేదు. ఊళ్లోవాళ్లకి మాత్రం అందులో సందేహమేమీ లేదు. ఒకప్పుడు ఈ నేలని ఏలిన ఆంధ్రవిష్ణువు అనే రాజే తర్వాత దేవుడిగా పూజలందుకున్నాడని కూడా చెబుతారు. ఆ కథ ఎంతవరకు చరిత్రో నేను చెప్పలేను గానీ, ఈ ఊరివాళ్లు స్వామి గురించి మాట్లాడే తీరు వింటే దానికి కారణం దొరుకుతుంది. ఎక్కడో పాలకడలిలో ఉన్న దేవుడి గురించి మాట్లాడినట్టు ఉండదు. పక్క వీధి పెద్దమనిషి గురించి మాట్లాడినట్టే.

గుళ్లో రాయలవారి మండపం ఇదీ అని చూపిస్తారు. తను రాసిన ఆముక్తమాల్యద కావ్యం మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. కళింగం మీదికి దండెత్తి పోతూ విజయవాడలో కొన్నాళ్లు ఆగి, ఇక్కడికి వచ్చి ఆంధ్ర మహావిష్ణువుని సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలోకొచ్చాడు. సంస్కృతంలో ఏవేవో రాశావు, మాకొక్కటి తెలుగులో రాయడం కష్టమా అని అడిగాడు. గోదాదేవి పెళ్లి కథ రాయమన్నాడు, తిరుమల వెంకటేశ్వరుడికి అంకితమివ్వమన్నాడు. 1515 జూన్‌లో కొండవీడు రాయలవారి చేతికొచ్చింది. 1516లో సింహాచలంలో శాసనం వేయించాడు. ఆ రెంటి మధ్య ఒక రాత్రి అన్నమాట. అంత సైన్యం ఈ ఊరి పరిసరాల్లో ఎక్కడ దిగిందో, వాళ్లందరికీ వంటలు ఎవరు చేశారో అనే నా ఆలోచన.

'దేశభాషలందు తెలుగు లెస్స' అన్నది ఆ కలలో దేవుడు చెప్పిన మాటే. అర్చకస్వామి ఆ పద్యం రాగం తీసి చదివి, ఈ మాట ప్రపంచంలో మొదటిసారి పుట్టింది ఇక్కడేనన్నారు. పెద్దమ్మ ఊరుకోదు కదా. "స్వామీ, అంతకుముందే వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో ఉందండీ ఆ పాదం" అంది. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆయన అన్నాడేమోనమ్మా, మా స్వామి అనలేదుగా అప్పటికి" అన్నారు. నేను ఆ వాదనకి మార్కులన్నీ ఆయనకే వేశాను.

నాకు అసలు ఈ గుడి మనసుకి హత్తుకున్నది రాయలవారి వల్ల కాదు. ఆయన చక్రవర్తి. ఒక రాత్రి ఉన్నాడు, కల కన్నాడు, యుద్ధానికి పోయాడు. కాసుల పురుషోత్తమ కవి అలా కాదు. ఈ చుట్టుపక్కలవాడే, మోపిదేవి దగ్గర పెదప్రోలు ఆయన ఊరు. 18వ శతాబ్దం చివర, 19 మొదట్లో ఉన్నాడు. అప్పటికి గుడికి రాబడి పోయి, ధూపదీప నైవేద్యాలు కూడా సరిగ్గా జరగని స్థితి అని చెప్పుకుంటారు. భక్తుడైతే ఏడవాలి, లేదా విరాళం అడగాలి. ఈయన దేవుడితో పోట్లాట పెట్టుకున్నాడు. అదే పెద్దమ్మ వల్లె వేసిన ఆంధ్రనాయక శతకం. వందకు పైగా సీసపద్యాలు, అన్నీ నిందాస్తుతి, అంటే తిడుతున్నట్టే ఉండే పొగడ్త. చివర ప్రతిసారీ 'చిత్ర చిత్ర ప్రభావ, దాక్షిణ్య భావ, హత విమత జీవ, శ్రీకాకుళాంధ్ర దేవ' అనే మకుటం. తిట్టాల్సిందంతా తిట్టేసి ఆఖర్న నమస్కారం పెట్టినట్టు.

మధ్యాహ్నం నివేదనయ్యాక జనం పలచబడ్డారు. మండపంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని పెద్దమ్మ మెల్లగా మొదలుపెట్టింది, 'ఆలు నిర్వాహకురాలు భూదేవియై' అని. లోకభారం మోస్తున్నాడన్న పేరు నీకు భూదేవి భార్య కాబట్టి వచ్చింది, కోరికలు తీరుస్తాడన్న ఘనత లక్ష్మి వల్ల వచ్చింది, పెద్ద సంసారం ఉన్నవాడన్న బలిమి బ్రహ్మ కొడుకు కాబట్టి వచ్చింది, పతితపావనుడన్న ప్రతిభ గంగ కూతురు కాబట్టి వచ్చింది, పెళ్లాలూ పిల్లలూ తెచ్చిన పేరే తప్ప మొదట్నుంచీ నీ దగ్గరేముందయ్యా అని అడుగుతాడు ఆ పద్యంలో. పూలు అమ్ముకునే ముసలామె బుట్ట పక్కన పెట్టి విని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయన్నీ అలాగే అనాలమ్మా, అన్నీ నేను చేస్తే పేరు ఆయనకి" అంది. ఆమెకు చదువు రాదట. ఈ పద్యం మాత్రం ఇంతకుముందే విన్నానంది. ఎవరో ఒకరు వచ్చి ఇలా చదువుతూనే ఉంటారట.

శతకం విన్నాక చల్లపల్లి జమీందారు కదిలి గుడికి మళ్లీ ఆదాయం ఏర్పాటు చేశాడని చెబుతారు. దేవుడికి సిగ్గేసి చేయించాడని పెద్దమ్మ వ్యాఖ్యానం. భక్తిలో ఇంత చనువు ఉండొచ్చా అని నాకు ముందు అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. మన ఇళ్లలో అయినా అంతే, పరాయివాణ్ణి పొగిడి పంపిస్తాం, తిట్టేది మనవాణ్ణే.

తిరుగు ప్రయాణంలో ఘంటసాల దగ్గరే కదా అని వెళ్లాం. అక్కడ బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ, పురావస్తుశాఖ మ్యూజియం ఉన్నాయి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ కొంటకొస్సిల అని రాసిన రేవు ఇదేనంటారు. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. సముద్రం ఇప్పుడు ఎక్కడో ఉంది. వరిచేల మధ్య నిలబడి ఇక్కడ ఓడల వ్యాపారం జరిగిందంటే నమ్మడానికి కాస్త టైం పట్టింది. స్తూపం శిల్పాలు కొన్ని పారిస్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మాట విని పెద్దమ్మకు కోపమొచ్చింది గానీ, ఏకాదశి నాడు నీరసం వల్ల ఎక్కువ మాట్లాడలేదు.

క్షేత్రయ్య పదాల మువ్వ గోపాలుడు కూడా ఆ చుట్టుపక్కలే అని గుర్తుచేశాను. "ఒక్క రోజులో అందరు దేవుళ్లని మొహమాటపెట్టకే" అని కొట్టిపారేసింది. చల్లపల్లి బస్టాండులో మజ్జిగ తాగుతూ, పురుషోత్తమ కవి హంసలదీవి గోపాలుడి మీద కూడా శతకం రాశాడని చెప్పి, పై నెల ఏకాదశికి సెలవు పెట్టమంది. అక్కడ ఆ స్వామిని ఏమన్నాడో కనుక్కోవాలట.