మ్యావ్ ఎటునుంచి?

మంగళవారం, రాత్రి పదిన్నర

ఈ రోజు మా ఇంటికి ఒక పిల్లిపిల్ల వచ్చింది. నేను సరేనన్నాకే వచ్చిందట. ఎప్పుడు సరేనన్నానో నాకు తెలియదు. మరిచిపోవడం కాదు, అసలు అడిగిన మాటే వినలేదు.

మొదటినుంచీ రాస్తాను.

పొద్దున్న లేవగానే నా ఫోన్ కనబడలేదు. వాళ్ళ నాన్న ఫోన్‌లోంచి పాప రింగ్ ఇచ్చింది. మోగుతోంది. ఇల్లంతా వినబడుతోంది. వంటింట్లో గట్టు మీద చూశాను, లేదు. దేవుడి గూట్లో చూశాను, లేదు. మంచం మీద దుప్పట్లు దులిపాను. ఈలోగా రింగ్ ఆగిపోయింది. పాప మళ్ళీ కొట్టి, పళ్ళు తోముకుంటూనే నేరుగా మిషన్ దగ్గరికి వెళ్ళి, నిన్న ఫాల్ కుట్టి మడత పెట్టకుండా వదిలేసిన పట్టుచీర ఎత్తి, కిందనుంచి ఫోన్ తీసి ఇచ్చింది. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, నాకు ఇప్పటికీ అది గారడీలాగే ఉంటుంది. చెవులతో ఎలా చూస్తారు వీళ్ళు?

నాకు ఎడమ చెవి వినపడదు. ఈ మాట చెబితే చాలామంది గట్టిగా మాట్లాడడం మొదలుపెడతారు. అక్కర్లేదు. కుడి చెవి నిక్షేపంగా ఉంది. వినపడకపోవడం కాదు నా బాధ, ఎటునుంచి వినపడుతోందో తెలియకపోవడం. కుడి పక్క మోగింది కుడి చెవికి ముందు అందుతుందట, ఎడమ చెవికి ఒక్క పిసరు వెనక. ఆ పిసరు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. పైగా తల అడ్డం కాబట్టి అవతలి చెవికి కాస్త మెల్లగా కూడా చేరుతుంది. ఈ రెండు తేడాలూ చూసుకుని మెదడు లెక్కగట్టి 'అదిగో, అటు' అంటుంది. నా దగ్గర తేడా తీయడానికి రెండో అంకె లేదు. అందుకని లోకంలో ఏది మోగినా నాకు కుడివైపే మోగుతుంది. రాత్రి దోమ ఎడమ చెంప మీద వాలబోతూ పాడినా నేను కొట్టుకునేది కుడి చెంప మీదే. మా ఆయన ఇరవై ఏళ్ళుగా నవ్వుతున్నారు ఈ విషయానికి.

పదిగంటలకి ఎదురింటి పిన్నిగారితో మా విజయనగరం పైడితల్లి అమ్మవారి చదురుగుడికి వెళ్ళాను. మంగళవారం కదా, చదురుగుడి దగ్గర లైను మూడు లాంతర్ల కూడలి వైపు సాగిపోయి ఉంది. మామూలుగా నేను లైన్లోనైనా, ఆటోలోనైనా, పెళ్ళి బంతిలోనైనా ఎడమ చివర చూసుకుని నిలబడతాను, కూర్చుంటాను, మనుషులందరూ కుడి పక్కకి వచ్చేలా. ఎవరికీ తెలియకుండా చేసే పని ఇది. షేర్ ఆటోలో ఆ మూల సీటు కోసం రెండు ఆటోలు వదిలేసిన రోజులున్నాయి. ఇవాళ కుదరలేదు. ఎడమ పక్క పిన్నిగారు, కుడి పక్క ఎవరో పసిపిల్ల ఏడుపు, ముందు గుడి గంటలు.

పిన్నిగారు మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడ మాటలో రాగం నాకు అందుతుంది, అక్షరాలు అందవు. లావు శబ్దాలు తలని చుట్టి తిరిగి వచ్చేస్తాయి. స, ష, చ లాంటి సన్నటివి తల గోడకి తగిలి అక్కడే రాలిపోతాయి. మిగిలిన రాగాన్ని పట్టుకుని ఈదుతాను. చివర గొంతు పైకి లేస్తే ప్రశ్న, కాబట్టి తలూపి 'ఆఁ పిన్నీ' అనాలి. కిందికి దిగితే కష్టం చెప్పుకుంటున్నట్టు, 'అయ్యో' అనాలి. మధ్యలో నవ్వితే నవ్వాలి. నూటికి తొంభైసార్లు గట్టెక్కేస్తాను. ఇవాళ నాలుగైదుసార్లు తలూపాను. రెండుసార్లు అయ్యో అన్నాను.

లైన్లో నిలబడి ఉంటే ఈ అమ్మవారి జాతర, సిరిమానోత్సవం గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. చీపురుపల్లి నుంచి నాన్న తీసుకొచ్చారు. పూజారిని కూర్చోబెట్టిన పొడుగాటి సిరిమాను కోట వైపు కదలగానే జనం ఒక్క ఊపు ఊపారు, నాన్న చెయ్యి జారిపోయింది. నన్ను పిలుస్తున్నారు. వినబడుతోంది, బాగా దగ్గరగానే. కుడికి పరిగెత్తాను, అక్కడ లేరు. ఇటు తిరిగితే మళ్ళీ కుడివైపే పిలుపు. గానుగెద్దులా నిలబడ్డ చోటే గుండ్రంగా తిరిగాను. ఆఖరికి నాన్నే వచ్చి జబ్బ పట్టుకుని, "ఎంత పిలిచినా పలకవేం, ఇంత దగ్గరుంటే!" అని ఒకటి వేశారు. చెవి పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయనకి తెలియదు, నాకూ తెలియదు.

ఏడో ఏట గవదబిళ్ళలు వచ్చాయి. తగ్గుతాయని అమ్మ నా మెడలో బంగారు గొలుసు వేసింది. వారానికి వాపు దిగింది. వెళ్తూ వెళ్తూ అది చెవి నరాన్ని తీసుకుపోయింది. పిల్లలకి అదెలా తెలుస్తుంది? ఇంకో చెవి పనిచేస్తూనే ఉంటుంది కదా. పదకొండేళ్ళప్పుడు ఎస్టీడీ బూత్‌లో మావయ్యతో మాట్లాడమని రిసీవర్ ఇస్తే ఎడమ చెవికి పెట్టుకుని, "లైను కట్టయిపోనాది" అన్నాను. నాన్న తీసుకుని మాట్లాడారు. లైను బాగానే ఉంది. మళ్ళీ నాకిచ్చారు, మళ్ళీ కట్టయిపోయింది.

విశాఖ తీసుకెళ్తే డాక్టరుగారు ఇనప చిమటాలాంటిది టంగుమనిపించి నా ఎడమ చెవి వెనక ఎముకకి ఆనించారు. వినబడుతోందా? వినబడుతోంది అన్నాను. నాన్న మొహం వెలిగిపోయింది. డాక్టరు మాత్రం నవ్వి, ఎముకలోంచి అవతలికి పాకి కుడి చెవే వింటోందండీ, ఈ చెవికి సాక్ష్యం అది చెబుతోంది అన్నారు. తర్వాత ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, కుడి చెవిలో వాన కురుస్తున్నట్టు హోరు పెట్టి దాన్ని మరిపించి, ఎడమ చెవిని ఒంటరిగా అడిగారు. అదేమీ చెప్పలేదు.

దీనివల్లే మా పాపకి డబ్బులు పెట్టి ఎమ్మెమ్మార్ టీకా వేయించాను. సర్కారు ఉచితంగా వేసేవాటిలో తట్టుకి ఉండేది గానీ గవదబిళ్ళలకి లేదు అప్పుడు.

చచ్చిన చెవి ఊరుకుంటుందనుకుంటారు గానీ, ఊరుకోదు. అలిసిపోయిన రోజు దాంట్లో దూరంగా రైసు మిల్లు ఆడుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడూ ఆడుతోంది.

మధ్యాహ్నం మిషన్ ఎక్కాను. వీధి గుమ్మం నా కుడి పక్కకి వచ్చేలా వేయించుకున్నాను మిషన్. కొలతలిచ్చేవాళ్ళ స్టూలు కూడా అటే. ఎవరైనా స్టూలు లాక్కుని ఎడమ పక్క కూర్చుంటే, బాబిన్ మార్చే వంకతో లేచి నేనే అటు తిరిగి కూర్చుంటాను. అంకెలు మాత్రం అడిగి అడిగి రాసుకుంటాను. ముప్పై రెండుకీ ముప్పై ఆరుకీ తేడా వస్తే జాకెట్టు గుడ్డ మళ్ళీ ఎవరు కొంటారు? ఒకసారి అలా కొన్నాను కూడా.

సాయంత్రం పాపని సంగీత కళాశాలకి తీసుకెళ్ళాను, వయొలిన్ క్లాసు. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వరండాలో కూర్చుంటే ఒక గదిలోంచి వీణ, ఒక గదిలోంచి మృదంగం, పిల్లల సరళీ స్వరాలు అన్నీ వచ్చి నా కుడి చెవిలో పడతాయి. ఏది ఏ గదిలోదో నాకు అక్కర్లేదు. ఊళ్ళో నేను ఎటూ తల తిప్పకుండా కూర్చోగలిగే చోటు అదొక్కటే.

ఇంటికొచ్చి తాళం తీస్తున్నానో లేదో, పిన్నిగారు బుట్ట పట్టుకుని దిగారు. బుట్ట మీద తువ్వాలు. తువ్వాలు కదులుతోంది.

"ఇదిగో అమ్మా, తెచ్చినాను."

"ఏంటి పిన్నీ?"

"ఏంటంటావేటి? పిల్లిపిల్ల. గుళ్ళో అడిగినాను కదా, మీ ఇంట ఎలకలు బట్టలు కొరికేస్తన్నాయి, ఒకదాన్ని తెచ్చిమ్మంటావా అని. ఇంత పొడుగు తలూపినావు!"

తువ్వాలు తీశారు. గుప్పెడంత ఉంది. బూడిద రంగు, ఒక కాలికి మాత్రం తెల్ల సాక్సు వేసినట్టు. నన్ను చూసి నోరు తెరిచింది.

ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. 'మరిచిపోయాను పిన్నీ' అంటే సరిపోతుంది, ఇన్నాళ్ళూ అదే అంటున్నాను. ఎదురెదురుగా ఉంటూ ఆరేళ్ళయింది, ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళిచూపులప్పుడు అమ్మ నోరు విప్పొద్దు అన్న దగ్గరినుంచి అలవాటైపోయింది. మా ఆయనకి పెళ్ళయిన రెండో రోజే చెప్పేశాను. భార్య ఎప్పుడూ భర్తకి ఎడమ పక్కనే ఉండాలన్న శాస్త్రం నా చెవి కోసమే రాశారని ఆయన అంటారు. నిజమే, అలా ఉంటే ఆయన నా కుడివైపే ఉంటారు. బండి మీద పక్కకి కూర్చున్నా అంతే.

"పిన్నీ, నాకు ఎడం చెవి వినపడదు. మీరు అన్నది ఏదీ నాకు అందలేదు. ఊరికే తలూపాను."

ఆవిడ బుట్ట కింద పెట్టారు. నా ఎడమ చెవి వంక వంగి చూశారు, లోపల ఏదో కనబడుతుందన్నట్టు.

"ఓలమ్మా! అదా సంగతి. వీధిలో పిలిస్తే పలకవు, నీకు పొగరనుకున్నాను ఇన్నాళ్ళూ. మా కోడలితో కూడా అన్నాను."

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు మాత్రం కోడలితో అన్నారన్న మాట కొంచెం గుచ్చుకుంది.

"ఇంకా దేనికేటికి తలూపేనో చెప్పండి పిన్నీ," అన్నాను. ఆవిడ చుట్టూ తిరిగి నా కుడి పక్కకి వచ్చి కూర్చుని వేళ్ళు మడిచారు. ఆవిడ మనవరాలి గౌను శుక్రవారానికి ఇచ్చేస్తానన్నాను. వాళ్ళ చీటీలో వచ్చే నెలనుంచి చేరతానన్నాను. వాళ్ళ మరిది గారికి మోకాళ్ళ ఆపరేషన్ బాగా జరిగిందంటే అయ్యో అన్నాను. ఆ మూడోదానికి ఆవిడ అప్పుడే నా మొహం వంక అదోలా చూశారట.

చీటీ నా వల్ల కాదని చెప్పేశాను. గౌను ఒప్పుకున్నాను. పిల్లిని ఏం చేయాలో తేలక ముందే పాప దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఇక ఆ చర్చ అయిపోయినట్టే.

పిన్నిగారు వెళ్తూ వెళ్తూ, "మరి సర్కారు సర్టిఫికెట్టేమైనా ఇస్తారేటి?" అన్నారు. వైకల్యం సర్టిఫికెట్టు ఇచ్చే సదరం లెక్క ఆవిడకి చెప్పాను. మంచి చెవి నష్టాన్ని అయిదింతలు చేసి, చెడ్డ చెవిది ఒక ఇంత కలిపి, ఆరుతో భాగిస్తారు. నాకు మంచి చెవి నష్టం సున్నా. చెడ్డది పూర్తిగా నూరు. మొత్తం 17 శాతం. ఏ లాభం రావాలన్నా 40 ఉండాలి. ఆవిడకి అన్యాయమనిపించింది. నాకేమీ అనిపించదు. రెండూ పోయినవాళ్ళతో నన్ను నేను పోల్చుకోలేను. యంత్రం కూడా ఒకసారి పెట్టి చూశాను, ఎడమ చెవి దగ్గర మైకు పెట్టి అటు మాటల్ని కుడి చెవికి తెచ్చిపోసే రకం. ఎడమ పక్క మనిషి మాట వినబడింది, నిజం. ఎడమ పక్క ఫ్యాను, మిక్సీ, వీధి కుక్కలు కూడా వచ్చి మంచి చెవిలోనే పడ్డాయి. దిక్కు మాత్రం తిరిగి రాలేదు, వినేది ఒక్క చెవే కదా. ధర మా స్కూటీ కన్నా ఎక్కువ. తిరిగిచ్చేశాను.

మా ఆయన కొట్టు కట్టేసి వచ్చేసరికి పిల్లి మాయమైంది. అరుస్తోంది, కనబడదు. నేను టీవీ వెనక, పాప అల్మరా కింద. "పిల్లి మెడలో గంట కట్టేస్తే పోయె," అన్నారాయన కాళ్ళు కడుక్కుంటూ. "కడితే గంట మోగుతుంది నాన్నా. అది ఎక్కడ మోగుతోందో అమ్మకి ఎవరు చెబుతారు?" అంది పాప. చివరికి బియ్యం డబ్బా సందులోంచి పిల్లిని తీసింది పాపే. పాలు పోసి, పాత చీర ముక్క పరిచి, హాల్లో పడుకోబెట్టాం.

అందరూ పడుకున్నారు. మామూలుగా అయితే నేనూ కుడి చెవి దిండుకి ఆనించి పడుకునే వేళ. అలా పడుకుంటే కుక్కలు లేవు, రైళ్ళు లేవు, మా ఆయన గురక లేదు. ఈ ఒక్క సుఖం మాత్రం రెండు చెవులున్నవాళ్ళకి నేను ఇవ్వను.

ఇప్పుడే మళ్ళీ మ్యావ్ అంది. చీర ముక్క మీద లేదు. కుడివైపునుంచి అంది. ముందు ఎడమ పక్క మంచం కింద చూసి వస్తాను.