ఆ సిస్టర్ పెన్ను చూపించకపోతే

"నిద్ర లేక కన్ను బరువెక్కింది, అంతేనమ్మా." మెదడులో రక్తనాళం పగిలి వెళ్తే మా ఊరి డాక్టరుగారు అన్న ఈ ముక్క నేను మర్చిపోలేను. బతికి బయటపడ్డావుగా, ఇంకా మనసులో ఎందుకు పెట్టుకుంటావు అని ఇంట్లో అందరూ అంటున్నారు. పెట్టుకుంటాను. ఎందుకో చెప్తాను.

ఆ సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి తల వెనక నుంచి నొప్పి లేచింది. మామూలు తలనొప్పిలా మెల్లగా పెరగలేదు, ఊపిరి పీల్చి వదిలేలోపే భరించలేనంత అయిపోయింది. వాంతులు, మెడ పట్టేయడం, ఆ వెంటే ఎడమ కంటి రెప్ప సగానికి పైగా వాలిపోయింది. మా ఊరి డాక్టరుగారి దగ్గరికి వెళ్తే మావారు ఆ రెప్పే చూపించి అడిగారు. మా అమ్మ కూడా తలనొప్పి, తలనొప్పి అంటూనే ఒక్క పూటలో పోయిందని నేను చెప్పాను. డాక్టరుగారు విన్నది మాత్రం నా వయసూ, నా టీచరు ఉద్యోగమూ. "ఈ వయసులో ఇవన్నీ ఉంటాయి, టెన్షన్ తగ్గించుకోండి" అని ఒక ఇంజక్షన్ చేసి పంపించేశారు. టార్చిలైటు ఆయన బల్ల మీదే ఉంది. దాన్ని ఒక్కసారి నా కంట్లోకి వేసి ఉంటే ఎడమ కంటిపాప పెద్దదైపోయిందని అక్కడే తెలిసేది.

మర్నాడు మా అక్క వచ్చి నన్ను చూడగానే ఎవరినీ అడక్కుండా కారు మాట్లాడి విజయవాడ తీసుకెళ్లింది. సీటీలో మెదడు చుట్టూ రక్తం కనిపించింది. లోపల ఒక రక్తనాళం గోడ ఒకచోట పలచబడి, ఉబ్బి, పగిలిందట. ఆ ఉబ్బునే అన్యూరిజం అంటారు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం తల దాకా పంపి ఆ ఉబ్బులో కాయిల్స్, అంటే సన్నటి ప్లాటినం తీగ చుట్టలు, నింపారు. పుర్రె తెరవలేదు. నేను మత్తులో ఉన్నాను కాబట్టి దాని గురించి నేను చెప్పగలిగింది ఇంతే. ఒక్కో కాయిల్ ఖరీదు విని మావారు బయట కుర్చీలో కూలబడిపోయారట. నా గాజులు, అక్క గొలుసు బ్యాంకుకి వెళ్లాయి.

ఆపరేషన్ బాగా జరిగింది, ఇక గండం గడిచింది అనుకున్నాం. అసలు గండం తర్వాత వచ్చింది. బయటికొచ్చిన రక్తం వల్ల మెదడులో నాళాలు ముడుచుకుపోతాయి. నాలుగో రోజు నుంచి దాదాపు రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అందుకే నాలుగు గంటలకోసారి నిమోడిపిన్ మాత్రలు, అందుకే గంట గంటకీ లేపి పేరేంటి, ఎక్కడున్నారు, చెయ్యెత్తండి అని అడగడం.

ఒక రాత్రి, ఐసీయూలో లైట్లు తగ్గించాక, శ్రీకాకుళం అమ్మాయి ఒక సిస్టర్ వచ్చి నన్ను లేపింది. జేబులోంచి పెన్ను తీసి, "మేడమ్, ఇదేంటో చెప్పండి" అంది. ఎర్ర మూత ఉన్న పెన్ను. అదేంటో నాకు తెలుసు, అలాంటిదాన్ని పట్టుకునే కదా ఇన్నేళ్లూ బతికింది. మాట మాత్రం రాలేదు. "గంట" అన్నాను. తప్పని నాకే తెలుస్తోంది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ "గంట" అనే వచ్చింది. కుడి చెయ్యి ఎత్తమంది. సగం లేచి దుప్పటి మీద పడిపోయింది. ఏడుపొచ్చింది, అమ్మా అని పిలవడానికి కూడా మాట దొరకలేదు.

డ్యూటీ డాక్టరు చూసి, నిద్రమత్తు, పొద్దున చూద్దాం అన్నాడు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "సాయంత్రం బాగానే మాట్లాడారు సార్, ఇది మత్తు కాదు" అని వాదించి, పెద్ద డాక్టరుగారికి తనే ఫోన్ చేసింది. ఆయన ఇంటి నుంచి వచ్చారు. ముడుచుకున్న నాళాల్లోంచి రక్తం వెళ్లడానికి డ్రిప్‌లో మందులిచ్చి బీపీ పెంచారు, మళ్లీ లోపలికి తీసుకెళ్లి ముడుచుకున్న నాళంలోకే మందు వదిలారు. ఉబ్బుని ముందే మూసేశారు కాబట్టే అంత ధైర్యంగా బీపీ పెంచగలిగామని తర్వాత చెప్పారు. ఆ మర్నాడంతా ముక్కలు ముక్కలుగా మాట్లాడాను. పెన్ను అనే మాట సాయంత్రానికి గానీ రాలేదు. ఆ రాత్రి ఆ అమ్మాయికి డ్యూటీ వేయించింది బెజవాడ దుర్గమ్మే అని నేను నమ్ముతున్నాను. అక్క మొక్కిన ముడుపు కూడా చెల్లించాం.

రివ్యూకి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరుగారు ఓపిగ్గా చాలా చెప్పారు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ మొదటిసారి పుర్రె తెరిచి అన్యూరిజం మెడకి, అంటే ఆ ఉబ్బు నాళానికి అంటుకున్న చోట, క్లిప్ పెట్టారు. ఆ రోగికీ నాలాగే ఉబ్బు కంటిని కదిలించే నరాన్ని నొక్కి రెప్ప వాలిపోయిందట. అది విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే తెలిసిన లక్షణం ఇప్పుడు మా ఊళ్లో నిద్రలేమి ఎలా అయింది?

కాయిల్స్ 1990లో వచ్చాయి. లాస్ ఏంజిల్స్‌లో గ్విడో గుగ్లియెల్మి అనే ఇటలీ డాక్టరు, కొద్దిపాటి కరెంటు పంపితే తీగ నుంచి విడిపోయే ప్లాటినం కాయిల్ తయారుచేశారు. పుర్రె తెరవడం మేలా, కాయిల్ మేలా అని తేల్చడానికి బ్రిటన్ డాక్టర్ల ఆధ్వర్యంలో ఐశాట్ అనే పరిశోధన జరిగింది. అన్యూరిజం పగిలిన 2143 మంది అందులో చేరారు. రెండిట్లో ఏదైనా పనికొస్తుందని డాక్టర్లు అనుకున్నవాళ్లే వీళ్లు. ఎవరికి ఏ పద్ధతన్నది లాటరీలా నిర్ణయించారు. 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి సర్జరీ అయినవాళ్లలో 30.6 శాతం, కాయిల్ పెట్టినవాళ్లలో 23.7 శాతం. తల పగిలిపోతున్న నొప్పిలో, వాళ్లూ వాళ్ల ఇంటివాళ్లూ ఆ కాగితం మీద సంతకాలు పెట్టారు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. గుళ్లో దీపం పెట్టినప్పుడు వాళ్లని కూడా తలుచుకుంటాను.

కాయిల్ పెట్టాక ఇక చూసుకోనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కాయిల్స్ అణిగిపోయి ఉబ్బులోకి మళ్లీ రక్తం చేరవచ్చు, అందుకే చెప్పిన టైముకి స్కాన్ చేయించుకోవాలి. ప్లాటినం కాబట్టి ఎంఆర్ఐకి మామూలుగా ఇబ్బంది ఉండదు, ముందుగా కాయిల్ వివరాలున్న కార్డు చూపిస్తే చాలు. నా రెప్ప కొన్ని నెలలకి లేచింది, పైకి చూస్తే మాత్రం ఇప్పటికీ రెండు కనిపిస్తాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఒక్క క్షణంలో, జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి వస్తే ఆ పూటే సీటీ తీయమని అడగండి, తీయనంటే ఇంకో ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మ సంగతి విన్నాక, తోబుట్టువులు కూడా మెదడు నాళాల ఎంఆర్ఐ చేయించుకుంటే మంచిదని డాక్టరుగారన్నారు. అక్క చేయించుకుంది, ఏమీ లేదు. తమ్ముడు మాత్రం ఇదిగో అదిగో అంటున్నాడు. వాడికి బీపీ ఉంది, సిగరెట్టు మానలేదు. ఒరేయ్ నాన్నా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. సోమవారం పొద్దున్నే బయల్దేరి రా, నేనూ అక్కా ఆసుపత్రి దగ్గరే ఉంటాం.