కౌంటర్ మోగిన చోటల్లా యురేనియం ఉండదు

యురేనియం వెతుకుతూ కడప బేసిన్ (పాత అవక్షేప శిలలు పేరుకున్న ప్రాంతం) అంచున గ్రానైట్ మీద సింటిల్లోమీటర్, అంటే గామా కిరణాలను లెక్కించే మీటర్, పెడితే అంకె ఇట్టే పెరుగుతుంది. అప్పుడే సంబరపడొద్దు. ఆ రాయిలో పొటాషియం, థోరియం ఎటూ ఎక్కువే, మొత్తం గామా కొలిచే మీటర్‌కు ఏది ఏదో తెలియదు. గామాను శక్తిని బట్టి వేరుచేసే స్పెక్ట్రోమీటర్‌తో విడదీయాలి: పొటాషియానికి 1.46 ఎంఈవీ (గామా శక్తి కొలమానం), యురేనియానికి 1.76, థోరియానికి 2.62.

అసలు మెలిక ఇక్కడే. 1.76 దగ్గర కనిపించేది యురేనియం కాదు, రేడియం తర్వాత పుట్టే బిస్మత్-214. తల్లి యురేనియానికీ, అది విచ్ఛిన్నమై పుట్టించే రేడియం, బిస్మత్ లాంటి పిల్లలకూ లెక్క సరిపోవాలంటే ఖనిజం దాదాపు పది లక్షల ఏళ్లు కదలకుండా ఉండాలి. ఊటనీరు యురేనియాన్ని కరిగించుకుపోయి రేడియాన్ని వదిలేస్తే, లేని ఖనిజం ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తగా వచ్చి చేరిన యురేనియమైతే ఉన్నా పలకదు.

అందుకే బోరులో గామా లాగ్ (లోతు వెంట గామా కొలతల పట్టీ) తీసి ఊరుకోకూడదు. బోరు నుంచి తీసిన రాతి కడ్డీని, అంటే కోర్‌ను, నిలువునా కోసి ఒక సగంలో యురేనియాన్ని రసాయన పరీక్షతో, రేడియాన్ని విడిగా కొలవాలి. ఆ నిష్పత్తితోనే లాగ్ అంకెలను సరిదిద్దాలి. చిక్కేమిటంటే, ఖనిజం ఉన్న పగుళ్లలోనే కోర్ నలిగి పోతుంది. అక్కడ మిగిలేది లాగ్ ఒక్కటే. కేసింగ్ (బోరులో దించిన గొట్టం) మందం, బోరు వ్యాసం, అందులోని నీరు ఎంత గామాను మింగాయో కలుపుకోకపోతే గ్రేడ్, అంటే రాయిలో యురేనియం శాతం, తక్కువగా కనిపిస్తుంది. రేడియం నుంచి పుట్టే రాడాన్ వాయువు బోరులో పేరుకుంటే ఎక్కువగా కనిపిస్తుంది, కనుక ముందు నీటితో కడిగి అప్పుడు ప్రోబ్ (గామా కొలిచే పరికరం) దించాలి.

కడప బేసిన్‌లోని తుమ్మలపల్లె దారి వేరు. వేంపల్లె డోలమైట్ అనే సున్నపురాయి లాంటి శిలలో ఖనిజం పొరను అంటిపెట్టుకుని సుమారు 160 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. గ్రేడ్ 0.05 శాతానికి అటూ ఇటూ మాత్రమే. పొర వాలు పట్టుకుంటే తర్వాతి బోరు ఎంత లోతో ముందే చెప్పొచ్చు. అయితే డోలమైట్ ఆమ్లాన్ని తాగేస్తుంది, కాబట్టి అక్కడ యురేనియాన్ని కరిగించి తీయడానికి పీడనంతో క్షార లీచింగే గతి.

నల్గొండ జిల్లా లంబాపూర్‌లో ఆ సుఖం లేదు. శ్రీశైలం క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) కింద, గ్రానైట్‌తో కలిసే అతుకు దగ్గర, పగుళ్ల వెంట ఖనిజం ఉంటుంది. అర మీటరు రాయి చాలు గామాను దాదాపు ఆపేయడానికి. అందుకే గుట్ట మీద ఎంత తిరిగినా లాభం లేదు, అతుకు బయటపడే అంచుల వెంట నడవాలి. కెనడా అథబాస్కాలో గ్రాఫైట్ పట్టీలను విద్యుదయస్కాంత సర్వేతో పట్టి అతుకు దగ్గరి ఖనిజాన్ని వెతుకుతారు. అలాంటి పట్టీలు లేని గ్రానైట్ నేల మీద ఆ పద్ధతిని గుడ్డిగా దింపడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. ఇక్కడ పగుళ్ల దిశ కొలిచి, వాటిని అడ్డంగా కోసేలా వాలు బోర్లు వేయాలి. నిలువు బోరు నిలువు పగులు పక్కనుంచే దిగిపోతుంది, మనమేమో అక్కడ ఏమీ లేదని రాసుకుని వచ్చేస్తాం.